30కి 22 వస్తే మతిమరుపు జబ్బు ఉన్నట్టేనా?

ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో డెబ్బై దాటిన ఆడవాళ్లలో బడి గడప తొక్కనివాళ్లు చాలామంది. అలాంటి ఒక పెద్దావిడకు జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే ఎంఎంఎస్‌ఈ పరీక్ష పెట్టారనుకుందాం. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన ఈ 30 మార్కుల పరీక్ష మన ఆసుపత్రుల్లో అందరికన్నా ముందు బయటికొచ్చే కాగితం. అందులో నూరులోంచి ఏడేసి చొప్పున ఐదుసార్లు తీసేయమనడానికి 5 మార్కులు. కాగితం మీద రాసింది చదివి అలా చేయడానికి 1, ఒక వాక్యం రాయడానికి 1, ఒకదానిమీదొకటి పడే రెండు ఐదుభుజాల ఆకారాలు చూసి గీయడానికి 1. పలక పట్టని మనిషికి ఈ 8 అందవు. తేదీ, చోటు, మూడు మాటలు గుర్తుపెట్టుకోవడం, వస్తువుల పేర్లు, చెప్పిన పని చేయడం, అన్నీ ఒక్క తప్పు లేకుండా చేసినా ఆవిడకు వచ్చేది 22. 23, అంతకన్నా తక్కువ వస్తే లోపం ఉన్నట్టని పాత హద్దు. అంటే ఆవిడ పరీక్షకు కూర్చోకముందే తప్పింది.

అంత మాత్రాన ఎంఎంఎస్‌ఈ పనికిరాదని కాదు. ఏ పరీక్షకైనా దానంతట దానికి చెల్లుబాటు అంటూ ఉండదు. పుస్తకాల్లో సప్రమాణత అంటారు చూడండి, అది పరీక్ష కాగితానికి అంటుకుని ఉండే గుణం కాదు. ఈ మనిషికి, ఈ భాషలో, ఈ పద్ధతిలో పెట్టి, ఈ ప్రశ్నకు జవాబుగా ఈ అంకెను వాడుకోవచ్చా, అని ప్రతిసారీ కొత్తగా అడగాల్సిన మాట అది. తలకు దెబ్బ తగిలిన కాలేజీ కుర్రాడి విషయంలో చెల్లే అంకె, ఆ కుర్రాడి నాయనమ్మ విషయంలో చెల్లకపోవచ్చు. హైదరాబాద్‌లో చెల్లేది గంజాం జిల్లాలో చెల్లకపోవచ్చు, రెండుచోట్లా మాట్లాడేది తెలుగే అయినా.

తెలుగే అయినా ఎందుకు చెల్లదు అన్నదే ఈ సరిహద్దులో అసలు చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి అందులోకి వెళ్లాయి. ఇళ్లలో తెలుగు అలాగే ఉండిపోయింది, బడి మాత్రం క్రమంగా ఒడియాకు మారింది. ఈరోజు ఇక్కడి తెలుగువాళ్లలో తెలుగులో గలగలా మాట్లాడి, ఒడియాలో చదివి, ఒడియాలోనే సంతకం పెట్టేవాళ్లు ఊరికి ఎంతమందో. ఆ మనిషి ముందు "తెలుగు మనిషే కదా" అని తెలుగు మోకా (ఎంఎంఎస్‌ఈ లాంటిదే మరో 30 మార్కుల పరీక్ష) కాగితం పెడితే, మాట్లాడే భాష సరిపోయింది గానీ చదివే భాష సరిపోలేదు. ఒడియా కాగితం పెడితే చదువు సరిపోయింది, మాటల జ్ఞాపకం దగ్గర ఇంటి భాష పోయింది. కొండ మీద సవరల సంగతి ఇంకో మెట్టు పైన. ఇంట్లో సవర, సంతలో తెలుగు, బడిలో ఒడియా. వాళ్లతో తెలుగులో మాట కలుస్తుంది కాబట్టి తెలుగులో పరీక్ష పెట్టేయొచ్చనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఒడియా స్థానంలో మరాఠీ పెట్టుకుంటే చాలావరకు ఇదే కథ.

కాబట్టి కాగితం తీయకముందు పది నిమిషాలు భాష చరిత్రకే ఇవ్వాలి. ఈ పది నిమిషాలు వృథా అనుకునేవాళ్లు ఆ తర్వాత గంటసేపు రాసుకునే అంకెలన్నీ వృథా చేసుకుంటారు. "మీ భాషేమిటి" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. అమ్మతో ఏ భాష, బడిలో ఏ భాష, అంగట్లో ఏ భాష, మనసులో లెక్క కట్టేది ఏ భాషలో, దేవుడికి మొక్కేది ఏ భాషలో, ఫోన్ నంబరు చెప్పమంటే అంకెలు ఏ భాషలో వస్తాయి, ఇవన్నీ విడివిడిగా అడగాలి. చదువు కూడా అంతే. "అయిదు దాకా చదివాను" అన్న ఇద్దరిలో ఒకరు ఆ తర్వాత యాభై ఏళ్లు కిరాణా ఖాతా రాసి ఉండొచ్చు, ఇంకొకరు మళ్లీ పెన్ను పట్టి ఉండకపోవచ్చు. ఎన్నేళ్ల బడి అన్నదానితో పాటు ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఏం రాస్తున్నారు అన్నది కూడా రాసుకోవాలి. బస్సు మీది ఊరి పేరు చదివి ఎక్కుతారా, పక్కవాళ్లను అడిగి ఎక్కుతారా అంటే సరిగ్గా తెలిసిపోతుంది.

ఇక ప్రశ్నల్లోకి వద్దాం. తేలిగ్గా కనిపించే తేదీ ప్రశ్నల దగ్గరే ఎక్కువ మార్కులు అన్యాయంగా పోతాయి. "ఇది ఏ నెల?" అంటే పెద్దవాళ్లు చాంద్రమాసం చెబుతారు. మన తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడిశాలో పౌర్ణమితో ముగిసే లెక్క నడుస్తుంది. శుక్లపక్షంలో రెండింటికీ ఒకే పేరు. బహుళపక్షంలో మాత్రం ఒడియా లెక్క ఒక నెల ముందుంటుంది. ఆశ్వయుజ పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఒడియా ఇంట్లో కార్తీకం మొదలవుతుంది. మనకు దీపావళి అమావాస్య దాటాకే కార్తీకం. ఆ పదిహేను రోజుల్లో బరంపురంలో ఒక తెలుగావిడ "కార్తీకం" అంటే ఆవిడ పక్కింటివాళ్ల నోములు చూసి చెప్పిన సరైన జవాబు అది. "ఆశ్వయుజం" అన్నా సరైనదే. "అక్టోబరు" కోసం చూసే పరీక్షకుడు రెండింటికీ సున్నా వేస్తాడు. చేయాల్సింది ఏమిటంటే, ఆ రోజు తిథి, రెండు లెక్కల్లో మాసం పేరు ముందే చూసుకుని బల్ల మీద పెట్టుకోవడం. క్యాలెండర్ గోడ మీద ఉంటే మాత్రం తీసేయండి. అది చూసి చదివేస్తే ఆ మార్కులకు అర్థమే లేదు.

జిల్లా ప్రశ్న ఇంకా విచిత్రం. గజపతి జిల్లా గంజాం నుంచి, రాయగడ జిల్లా కోరాపుట్ నుంచి 1992 అక్టోబరు 2న విడిపోయాయి. అంతకుముందు యాభై ఏళ్లు గంజాం జిల్లా అని చెప్పిన మనిషి ఇప్పుడూ అదే చెబితే అది దిక్కు తెలియకపోవడం కాదు. ఆంధ్రా వైపు 2022 ఏప్రిల్ 4న మళ్లీ జిల్లాలు మారాయి. అప్పటిదాకా శ్రీకాకుళంలో ఉన్న పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత జిల్లా పేరు చెబితే "ఇప్పుడు కొత్త జిల్లా ఏదో చేశారట కదా?" అని ఒక్క మాట అడగండి. వచ్చిన జవాబును పక్కన రాసుకోండి. మార్కు మాన్యువల్ ఎలా చెబితే అలాగే వేయండి గానీ, అర్థం చెప్పేటప్పుడు ఆ పక్కన రాసిన మాటే పనికొస్తుంది.

బొమ్మల పేర్లలో ఒక్క ఉదాహరణ చెబుతాను, అసలు పరీక్షలో లేని బొమ్మతోనే. సీతాకోకచిలుక బొమ్మ చూపిస్తే ఒడియా బడిలో చదివిన మనిషి "ప్రజాపతి" అనవచ్చు. ఒడియాలో సీతాకోకచిలుకను అలాగే అంటారు. విశాఖపట్నంలో కూర్చున్న పరీక్షకుడికి ఒడియా రాకపోతే, పురుగు బొమ్మ చూసి బ్రహ్మదేవుడి పేరు చెప్పిన రోగి కనిపిస్తాడు. మాటకు సంబంధంలేని మాట పడిందని, మెదడు ఎడమవైపు ఏదో దెబ్బతిందని రాసేయడానికి అంత చాలు. మొసలికి "కుంభీర", గొడుగుకు "ఛతా" కూడా ఇలాంటివే. పేరు చెప్పే పరీక్షలో మనం చూస్తున్నది వస్తువు తెలిసిందా, దాని పేరు నోటికందిందా అని. ఏ భాష పేరైనా అందితే అందినట్టే. ఏ భాషలో వచ్చిందో మాత్రం పక్కన గుర్తు పెట్టుకోవాలి. మొదట తెలుగులో వచ్చేవి ఇప్పుడు ఒడియాలోనే వస్తున్నాయంటే అది కూడా సమాచారమే.

రెండు భాషలు మెదడుకు బరువని ఎవరూ అనుకోవద్దు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు చూసి 2013లో వెలువరించిన అధ్యయనంలో, ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. కానీ అదే ద్విభాషులు ఒక్క భాషకే కట్టేసి పేర్లు చెప్పమంటే ఏకభాషుల కన్నా కాస్త నెమ్మదిస్తారు, తక్కువ చెబుతారు. మెదడుకు మేలు చేసే అలవాటే ఒకే భాష పరీక్షలో మార్కులు కోస్తుంది.

అంకెల పరీక్ష దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు ఎవరి కంటికీ ఆనదు. అంకెలు వరసగా చెప్పి తిరిగి చెప్పించుకోవడం, తర్వాత వెనకనుంచి చెప్పించుకోవడం. చూడ్డానికి ఏ భాషకైనా ఒకటే పరీక్ష. కానీ ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో పలికి అక్షరాలు లెక్కపెట్టండి: ఒకటి 3, రెండు 2, మూడు 2, నాలుగు 3, ఐదు 2, ఆరు 2, ఏడు 2, ఎనిమిది 4, తొమ్మిది 3. మొత్తం 23. ఒడియాలో ఏక, దుయి, తిని, చారి, పాంచ, ఛఅ, సాత, ఆఠ, నఅ, ఒక్కొక్కటి రెండేసి, మొత్తం 18. ఇంగ్లీషులో సెవెన్ తప్ప అన్నీ ఒక్కో ఊపులో అయిపోతాయి, మొత్తం 10. బాడెలీ, ఆయన సహచరులు 1975లోనే చూపించిన సంగతి ఇది: మనం వెంటనే తిరిగి చెప్పగలిగేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత మేర. పొడుగు మాటలైతే తక్కువ పడతాయి. కాబట్టి ఇంగ్లీషు అంకెలతో కట్టిన హద్దులను తెలుగులో "ఎనిమిది, తొమ్మిది, నాలుగు" అని చెప్పించుకున్న మనిషికి వేస్తే, జ్ఞాపకం బాగున్నా ఒకటి రెండు అంకెలు తగ్గినట్టు కనిపించవచ్చు.

ఏ భాషలో పెట్టాలంటే, మీ చేతిలో ఉన్న నార్మ్స్ (ఆరోగ్యవంతుల స్కోర్లతో కట్టిన పోలిక అంకెలు) ఏ భాష అంకెలతో కట్టారో ఆ భాషలో, ఆ భాషలో మనిషికి అంకెలు నోటికి వస్తేనే. ఫోన్ నంబర్ల పుణ్యమా అని బడికి వెళ్లనివాళ్లు కూడా కొందరు ఇంగ్లీషు అంకెలు చకచకా చెబుతారు. ముందుగా ఎవరిదైనా ఫోన్ నంబరు చెప్పించుకుంటే ఏ భాష జారుతుందో తెలుస్తుంది. మధ్యలో మార్చకూడదు. సెకనుకు ఒక అంకె, గుంపులు కట్టకుండా, రాగం లేకుండా చదవాలి. "రెండూ ఐదూ... తొమ్మిదీ ఆరూ" అని జంటలుగా సాగదీస్తే మీరే సగం పని చేసిపెట్టినట్టు. "ఎనిమిది"కి సెకను సరిపోదనిపించి తర్వాతి అంకె ఆలస్యం చేసేవాళ్లున్నారు. ఒక అంకె మొదలైనప్పటి నుంచి తర్వాతి అంకె మొదలయ్యే వరకు సెకను ఉండాలి. గడియారం ముల్లు చూస్తూ వారం రోజులు ఇంట్లో సాధన చేస్తే పట్టుబడుతుంది.

అక్షరం చెప్పి మాటలు చెప్పించుకునే పరీక్ష బడి చదువుకు పుట్టిన బిడ్డ. నిమిషంలో ఒక ధ్వనితో మొదలయ్యే మాటలు చెప్పాలి, మనుషుల ఊర్ల పేర్లు కూడదు. ఇంగ్లీషులో అక్షరం విడిగా ఉంటుంది. మనకు గుణింతం ఉంది. "క" అంటే కత్తి మాత్రమేనా, కాకి, కిటికీ, కుండ, కోడి కూడానా? ఒక పరీక్షకుడు ఒప్పుకుని, ఇంకొకరు ఒప్పుకోకపోతే ఆ రెండు స్కోర్లను పోల్చే దారి లేదు. మీ వెర్షన్ మాన్యువల్‌లో ఏముందో చూసి అదే ప్రతిసారీ చెప్పండి. బడికి వెళ్లనివాళ్లకు అసలు పెట్టొద్దు. మాటను ధ్వనులుగా విడగొట్టడం చదువుతో వచ్చే విద్య. వాళ్లకు జంతువుల పేర్లో, సంతలో దొరికే సరుకుల పేర్లో నిమిషం చెప్పించుకోవడం మేలు. అక్కడ రెండు భాషలూ ఒప్పుకోవచ్చు. ఏనుగు అని చెప్పి మళ్లీ హాతీ అంటే ఒకటిగానే లెక్క.

మాటల జాబితా జ్ఞాపకశక్తికి ప్రాణం లాంటి పరీక్ష. 15 మాటలు, ఐదుసార్లు చదివి ఐదుసార్లు చెప్పించుకోవడం, మధ్యలో ఇంకో జాబితా, వెంటనే ఒకసారి, 20 నుంచి 30 నిమిషాల తర్వాత మరోసారి, చివర్లో "ఇది ఉందా, లేదా" అని గుర్తుపట్టించడం. అసలు మాటలు ఇక్కడ రాయను. ఎవరూ ఎక్కడా రాయకూడదు కూడా. మోకా కాగితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటే, "నాన్నకు ముందే నేర్పిద్దాం" అని ప్రేమతోనే ఇంట్లో వల్లె వేయించేస్తారు. ఆ తర్వాత ఆ పరీక్షతో ఆయనకు ఉపయోగం ఉండదు.

సూచన ఇలా ఉంటే చాలు: "అమ్మా, నేను కొన్ని మాటలు చదువుతాను. మొత్తం అయిపోయాక మీకు గుర్తున్నవన్నీ చెప్పండి. వరస ఏదైనా పర్వాలేదు." రెండోసారి చదివేటప్పుడు "ఇందాక చెప్పినవి కూడా మళ్లీ చెప్పాలి" అని తప్పకుండా కలపాలి. లేకపోతే చాలామంది కొత్తగా గుర్తొచ్చినవే చెప్పి ఊరుకుంటారు, నేర్చుకునే గీత ఎదగనట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క వాక్యం మరిచిపోవడం వల్ల పాడైన జాబితాలు ఎన్ని ఉంటాయో! ఓపీ రద్దీలో 20 నిమిషాల విరామం ఏడు నిమిషాలవుతుంది. లేదా భోజనాల వేళ పడి గంట అవుతుంది. రెండింటిలో ఏది జరిగినా ఆలస్యపు స్కోరు నార్మ్స్‌తో పోల్చకూడదు. ఆ విరామంలో మాటలతో ఉన్న పరీక్ష పెట్టకూడదు. గీతలు, బొమ్మలు, రంగులు కలపడం లాంటివే పెట్టాలి.

గుర్తుపట్టే భాగంలో మన మర్యాదే అడ్డుపడుతుంది. పెద్దవాళ్లు డాక్టరుగారి మాట కాదనలేక ప్రతిదానికీ "ఉంది బాబూ, ఉంది" అంటారు. 15కి 15 వచ్చేస్తాయి. లేనివాటికి ఎన్నిసార్లు "ఉంది" అన్నారో తీసేసి చూస్తేనే నిజం. విడిగా చెప్పమంటే తక్కువ, గుర్తుపట్టమంటే బాగా చేస్తే మాటలు లోపల ఉన్నాయి, బయటికి తీయడం కష్టంగా ఉందని అర్థం. దిగులు జబ్బులో, మెదడు లోపలి చిన్న రక్తనాళాల జబ్బుల్లో ఇలా కనిపించవచ్చు. రెండూ తక్కువైతే మాటలు అసలు నిలవలేదు, అల్జీమర్స్ గురించి ఆలోచించాలి. కానీ వినపడక పోయినా రెండూ తక్కువే అవుతాయి. ముందు చెవులు చూడండి. నోరు కనపడకుండా వెనకనుంచి మూడు మాటలు మామూలు గొంతుతో చెప్పి తిరిగి చెప్పించుకోవడానికి ఒక్క నిమిషం పట్టదు.

ఈ పరీక్షలో మనవాళ్ల ప్రేమ కూడా ఒక ఇబ్బంది. పక్కనే కూర్చున్న కోడలు ఆగలేక, "అత్తా, అదే, నిన్న వండుకున్నాం కదా" అని అందిస్తుంది. కొడుకు అనువదించే చోట సూచనను పొట్టిచేసి, జవాబును సాగదీసి చెబుతాడు. ఇంటివాళ్లను దుబాసీలుగా పెట్టుకోవద్దు. తప్పనిసరైతే రోగి వెనక కూర్చోబెట్టి, పరీక్ష మొదలు కాకముందే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వివరంగా చెప్పాలి. అలా చేశామని రిపోర్టులో రాయాలి. వాళ్లతో విడిగా వేరే గదిలో మాట్లాడితే మాత్రం ఏ పరీక్షా ఇవ్వనంత ఇస్తారు. రెండేళ్ల కిందట చేసే పనుల్లో ఇప్పుడు ఏవి మానేశారు? చిల్లర లెక్క తప్పుతోందా? పొయ్యి మీద పాలు మరిచిపోవడం ఎప్పటినుంచి?

గడియారం బొమ్మ, ఘనం బొమ్మ గురించి క్లుప్తంగా. పెన్సిల్ పట్టని చేతికి ఇవి పెట్టొద్దు. ముందు ఒక గుండ్రం, ఒక నలుచదరం గీయించి చూడండి. అదే వంకరైతే గడియారం వంకర మెదడుది కాదు. బడి చదువు లేనివాళ్లకోసం నైజీరియాలో అగ్గిపుల్లలు పేర్పించి ఆకారాలు చేయించే పరీక్ష తయారుచేశారు. చేతిపని తెలిసిన మన పల్లెవాళ్లకు అలాంటిదే నప్పుతుంది. ఆ మాటకొస్తే, చదువులేని పెద్దలకు పనికొచ్చేలా హర్యానా బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఎంఎంఎస్‌ఈకి హిందీ రూపమైన హెచ్‌ఎంఎస్‌ఈ తయారై 1995లో వెలువడింది. మోకాకు చదువు తక్కువవాళ్ల కోసం మోకా-బేసిక్ ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షల పెట్టె తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాల్లో ఒకే కొలతతో కట్టారు. ఇన్ని ఉండగా ఎంఎంఎస్‌ఈనే అటూ ఇటూ మార్చి వాడటం ఎందుకు? "నూరులోంచి ఏడు" బదులు "నూరు రూపాయలిచ్చి ఏడు రూపాయల సరుకు కొన్నారు" అని అడిగితే మనిషి తేలిగ్గా చెబుతాడు. అది తెలుసుకోవడం మంచిదే. కానీ అలా వచ్చిన 5 మార్కులను పాత హద్దుతో పోల్చే హక్కు పోయింది. ముందు ఉన్నది ఉన్నట్టు పెట్టి స్కోరు రాయండి, తర్వాత మార్చి అడిగి దాన్ని విడిగా రాయండి.

తప్పు రెండోవైపు కూడా జరుగుతుంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారికి మోకాలో 27 వస్తే, 26 దాటింది కాబట్టి బాగున్నారని పంపేస్తారు. ఇంట్లో భార్య మాత్రం ఆయన ఒకే మాట రోజుకు పదిసార్లు అడుగుతున్నారంటోంది. ఆయన స్థాయికి 27 తక్కువే కావచ్చు. చిన్న పరీక్షల్లో పైకప్పు చాలా కిందుంటుంది. పైకి ఎదిగినవాళ్లు ఎంత దిగారో అందులో తెలియదు. అలాంటివాళ్లకు పూర్తి బ్యాటరీ, అంటే ఒక్కో శక్తికి విడివిడిగా పరీక్షలున్న పెద్ద కట్ట పెట్టాలి.

పూర్తి బ్యాటరీతో మరో ఉచ్చు ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ బ్యాటరీ 2004 నార్మ్స్ వయసు, చదువు, ఆడ మగ అని విడగొట్టి కట్టారు. 15వ పర్సంటైల్ కన్నా కిందైతే, అంటే నూరుమంది ఆరోగ్యవంతుల్లో అడుగున ఉండే 15 మంది స్థాయికి పడితే, లోపం. ఇప్పుడు లెక్క వేయండి. ఒక్కో స్కోరులో ఆరోగ్యవంతుడు హద్దు దాటే అవకాశం 0.85. అలాంటివి 20 ఉంటే, అన్నీ దాటే అవకాశం 0.85ను 20సార్లు గుణించాలి, 0.04 వస్తుంది. స్కోర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి అసలు అంకె ఇంత ఘోరంగా ఉండదు. అయినా ఆరోగ్యవంతుల్లోనే చాలామందికి ఒకటో రెండో తక్కువ స్కోర్లు వస్తాయన్నది ఖాయం. అందుకే ఒంటరి స్కోరును పట్టుకుని లోపమని రాయకూడదు. ఒకే శక్తిని కొలిచే రెండు మూడు పరీక్షలు ఒకే దారి చూపాలి. ఇంటివాళ్లు చెప్పింది, స్కానింగు దానితో కలవాలి.

ఉచిత శిబిరాల సంగతి కూడా చెప్పాలి. 60 దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతమని 2023లో దేశవ్యాప్త అంచనా వచ్చింది. ఒక శిబిరానికి వెయ్యి మంది వచ్చారు, మీ పరీక్ష జబ్బున్నవాళ్లలో 85 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగ్గా వదులుతుంది అనుకుందాం. జబ్బున్న 74 మందిలో 63 మంది దొరుకుతారు. లేని 926 మందిలో 139 మంది కూడా దొరుకుతారు. మీరు "అనుమానం" అని చీటీ రాసిన 202 మందిలో నిజంగా జబ్బున్నది 63 మందికి, మూడింట ఒక వంతు కన్నా తక్కువ. అదే పరీక్ష, సగం మందికి జబ్బుండే మెమరీ క్లినిక్‌లో పెడితే, చీటీ పడ్డ నూరుమందిలో 85 మందికి నిజంగానే ఉంటుంది. శిబిరంలో "మతిమరుపు జబ్బు" అన్న మాట ఎవరి చీటీ మీదా రాయకూడదు. "మళ్లీ వివరంగా చూడాలి" అని రాస్తే సరిపోతుంది.

మన ప్రాంతంలో రోగులు బరంపురం, భువనేశ్వర్, విశాఖపట్నం మధ్య తిరుగుతారు. ఫైలులో మూడుచోట్ల స్కోర్లుంటాయి: ఒకటి ఒడియాలో, ఒకటి తెలుగులో, ఒకటి రెండూ కలిపి. 19 నుంచి 23కి పెరిగితే మందు పనిచేసిందని, 23 నుంచి 19కి దిగితే జబ్బు ముదిరిందని గీత గీసేస్తారు. అది భాష గీత కావచ్చు. ఒకే భాషలో, ఒకే పరీక్షతో పెట్టినా ప్రతి మార్పూ మార్పు కాదు. ఒక పరీక్షకు ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ చెదిరే మేర) 10, విశ్వసనీయత (మళ్లీ పెట్టినా స్కోరు నిలకడగా ఉండే మేర) 0.84 అనుకోండి. కొలతలో దొర్లే దోషం 10ని 0.16 (1లోంచి 0.84 పోగా మిగిలింది) వర్గమూలంతో గుణిస్తే 4. రెండుసార్ల తేడాకు దాన్ని 1.41తో గుణిస్తే సుమారు 5.7. 90 శాతం నమ్మకం కావాలంటే 1.645తో గుణించాలి, 9.3 వస్తుంది. అంటే 9 పాయింట్ల లోపు తేడా కొలత అటూ ఇటూ ఊగడమే కావచ్చు. దీనికి తోడు రెండోసారి పెట్టినప్పుడు అలవాటు వల్ల కాస్త పెరుగుతుంది. మోకాకు మూడు వెర్షన్లు ఉన్నది అందుకే.

వైకల్య ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ల విషయంలో పరీక్షకులకు ఒక భయం, కావాలని తప్పు చెబుతున్నారేమోనని. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం అన్న హద్దు మీద పింఛను, రాయితీలు ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్రయత్నం చేస్తున్నారా లేదా అని చూసే హద్దులన్నీ ఎక్కువగా బడికి వెళ్లిన విదేశీయుల మీద కట్టినవి. ముందుకు, వెనకకు చెప్పిన అంకెల పొడవులు కలిపి 7, అంతకన్నా తక్కువైతే అనుమానించాలన్నది అందులో ఒకటి. పైన తెలుగు అంకెల పొడవు లెక్క గుర్తుందిగా. బడికి వెళ్లని తెలుగు మనిషి ముందుకు 4, వెనకకు 3 చెప్పడం సహజమే, ఆ హద్దు ఆయన్ను మోసగాడిని చేస్తుంది. 50 బొమ్మలు చూపించి, తర్వాత ఒక్కోసారి రెండు బొమ్మలు పెట్టి ఇందాక చూసింది ఏదో ఎంచుకోమనే పరీక్ష కొంత నయం. కళ్లు మూసుకుని ఎంచుకున్నా 25 వస్తాయి. 17 కన్నా ఎక్కువ రాలేదంటే అది గుడ్డి ఎంపికతో నూటికి రెండుసార్లు కూడా జరగదు, తెలిసి తప్పించారన్న మాట. 17కూ పరీక్ష మామూలు హద్దుకూ మధ్య వచ్చినవాళ్లను మాత్రం మోసం అని రాయడం నా దృష్టిలో పెద్ద అన్యాయం. నిజమైన డిమెన్షియా ఉన్నవాళ్లు పడేది సరిగ్గా అక్కడే.

కొన్నిరోజులు అసలు పరీక్షే పెట్టకూడదు. జ్వరంతో మాట తడబడుతున్న రోజు, ఆసుపత్రిలో చేరిన మొదటి రోజుల్లో మగతగా ఉన్నప్పుడు, రాత్రి అల్ప్రజోలం వేసుకుని పొద్దున్నే వచ్చినప్పుడు. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకో నొప్పులకో ఇచ్చే అమిట్రిప్టిలిన్ జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. మందుల సంచి మొత్తం తెప్పించి చూడాలి. ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగులకు డయాలసిస్ జరుగుతుండగా, ఖాళీగా కూర్చున్నారు కదా అని పరీక్ష పెట్టేయకండి. ఆ వేళ బుర్ర అన్నిటికన్నా మందంగా ఉంటుంది. మర్నాడు పెట్టండి. మలేరియా మెదడుకెక్కి బతికి బయటపడ్డ పిల్లలకు ఒకసారి పెట్టి వదిలేయకూడదు. బడిలో చేరాక మళ్లీ చూడాలి. థైరాయిడ్, బి12 రిపోర్టులు చేతికి రాకముందు ఎవరికీ డిమెన్షియా అని చెప్పొద్దు.

ఇక రిపోర్టు. స్కోరు కన్నా ముందు రావాల్సిన నాలుగైదు వరసలు చాలా రిపోర్టుల్లో ఉండనే ఉండవు. ఇలా రాస్తే తర్వాత చూసేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా అర్థం చేసుకోగలరు:

"ఇంటి భాష తెలుగు. బడి ఒడియా, 4వ తరగతి వరకు. ఇప్పుడు చదవడం బస్సు బోర్డులు, సంతకం ఒడియాలో. అంకెలు తెలుగులో లెక్కిస్తారు. పరీక్ష తెలుగులో పెట్టాం, పేర్లకు ఒడియా జవాబులు ఒప్పుకున్నాం (మూడు). దుబాసీ లేరు. వినికిడి సరిపోతుంది, కళ్లజోడు పెట్టుకున్నారు. రాత్రి మందు ఆపలేదు. ఆలస్యపు జ్ఞాపకానికి విరామం 24 నిమిషాలు. అక్షరాలతో మాటలు, ఘనం బొమ్మ పెట్టలేదు: చదువు కారణం. వాడిన నార్మ్స్ పదేళ్లలోపు బడి చదివిన తెలుగువాళ్లవి. మళ్లీ చూసేటప్పుడు తెలుగులోనే, రెండో వెర్షన్‌తో, 9 నెలల తర్వాత."